తీవ్రరోగి ప్రక్కనుండు నర్సు: ఆమెకు కావలసిన చదువు

 

నేడు మీతో ముచ్చటింపదలచిన విషయము నర్సుల పైచదువు. “సూదిమందు వేయుటకు, కట్టు కట్టుటకు పైచదువేల?” అని మనలో పలువురు తలంతురు. ఆ తలంపు ఒక్కొక్కప్పుడు ప్రాణములమీదికి తెచ్చును. అందుచేత దానిని గుఱించియే చెప్పెదను. నేను ఈపూరు ప్రాంతమువాడను గనుక మన పొలములందు జరుగు సంగతులనే దృష్టాంతములుగా గ్రహింతును.

మిరపచేలకు, ప్రత్తిచేలకు పురుగుమందు చల్లుట మనకు అలవాటైన పని. అందు కొన్ని జాతుల మందు పొరపాటున గాని, దుఃఖావేశమున గాని కడుపులోనికి పోయినచో నోట చొంగ కారును, చెమటలు పట్టును, కంటిపాప సూదిమొనవలె చిన్నదగును, ఊపిరితిత్తులలో తేమ నిండును. ఆసుపత్రిలో అట్రోపిన్ అను మందును మరల మరల ఇచ్చి ఆ తేమ ఆరునట్లు చేయుదురు. మఱునాటికి రోగి లేచి కూర్చుండి మాటలాడవచ్చును. గండము గడచినదని చుట్టములు సంతోషింతురు. కాని ఇందొక మోసము కలదు. కొందఱికి ఒకటి మొదలు నాలుగు దినములలోపల మెడకండరములు సడలి, వాని వెంట ఊపిరి తీయు కండరములును సడలిపోవును. దాని మొదటి గుర్తు మిక్కిలి చిన్నది. రోగి దిండుమీదనుండి తల ఎత్తలేడు. ఈ గుర్తు ఎఱిగిన నర్సు వచ్చినప్పుడెల్ల “ఏదీ, తల పైకెత్తు నాయనా” అని అడుగును. ఎత్తలేకున్నచో తక్షణమే వైద్యునికి కబురుపెట్టి శ్వాసయంత్రమును సిద్ధపఱచును. ఎఱుగని చోట, రోగి నిద్రించుచున్నాడని అందఱును అనుకొనుచుండగనే ఊపిరి నిలిచిపోవును.

పాముకాటు సంగతియు ఇట్టిదే. రక్తపింజరి కఱచినచో రక్తమునకు గడ్డకట్టు గుణము పోవచ్చును. దానిని కనుగొనుటకు గొప్ప యంత్రము అక్కఱలేదు. శుభ్రమైన పొడి గాజుగొట్టములో 2 మిల్లీలీటర్ల రక్తము పోసి, 20 నిమిషములు కదలింపక యుంచి, పిమ్మట వంచి చూతురు. గడ్డకట్టక పారినచో విషము రక్తమున పనిచేయుచున్నదని అర్థము. విరుగుడు మందు ఇచ్చిన 6 గంటలకు ఈ పరీక్షను మరల చేయవలెను. కట్లపాము కాటు చోట వాపు, నొప్పి అంతగా నుండవు. కనుఱెప్పలు వాలును, మ్రింగుట కష్టమగును, తుదకు ఊపిరి ఆగును. అందుచేత ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు చెప్పగలడో రోగిచేత లెక్క పెట్టించి, ఆ లెక్క తగ్గుచున్నదేమో కనిపెట్టుచుందురు.

ఈ దృష్టాంతములలో మీరు గమనింపవలసినది ఒక్కటి. మందు ఎంత ముఖ్యమో, గడియగడియకు మారుచున్న రోగిని కనిపెట్టుటయు అంత ముఖ్యము. 2005లో మన రాష్ట్రమున మొదలైన 108 వాహనము రోగిని త్వరగా ఆసుపత్రికి చేర్చును. ఈపూరునుండి వినుకొండకో, నరసరావుపేటకో, గుంటూరునకో పోయి చేరుదుము. చేరిన పిదప వైద్యుడు వచ్చి చూచి, నిర్ణయించి, వేఱొక రోగి యొద్దకు పోవలసినవాడు. రాత్రియెల్ల ఆ మంచముప్రక్క నుండునది నర్సు. కావలసిన తెలివి కావలసిన క్షణమున అక్కడ నుండవలెనన్నచో అది ఆ నర్సుయొద్దనే యుండవలెను.

ఈ ఆలోచననుండియే నర్స్ ప్రాక్టీషనరు అను పదవి పుట్టినది. నర్సుగా అనుభవము గడించినవారికి, రోగిని పరీక్షించుట, పరీక్షల ఫలితములనుబట్టి రోగస్థితిని నిర్ణయించుట, చికిత్స సాగించుట ఉన్నతవిద్యగా నేర్పుదురు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున 1965లో లొరెటా ఫోర్డు అను నర్సును, హెన్రీ సిల్వర్ అను వైద్యుడును కలసి దీనికి పునాది వేసిరి. వారి దృష్టి పల్లెల బిడ్డల ఆరోగ్యముపై నుండెను. తీవ్రరోగులకొఱకు ప్రత్యేకశిక్షణ 1990 తరువాతి సంవత్సరములలో ఆ దేశమున వ్యాపించినది.

మన దేశమున నర్సింగులో బి.ఎస్సీ. పట్టపు చదువు 1946లో ఢిల్లీలోను, వేలూరులోను ఆరంభమైనది. గుంటూరు వైద్యకళాశాల వెలసినదియు ఆ యేటనే. తీవ్రరోగుల చికిత్సలో నర్స్ ప్రాక్టీషనరు ఎం.ఎస్సీ. చదువునకు 2016లో భారత నర్సింగు మండలి పాఠ్యప్రణాళికను ఏర్పఱచినది. 2017లో తెలంగాణమున ప్రసవకార్యమున నర్సులకు 18 నెలల ఉన్నతశిక్షణ మొదలైనది. మార్గములు వేఱైనను రెంటి ఉద్దేశ్యము ఒక్కటే.

ఎం.ఎస్సీ. చదువు రెండేండ్లు. బి.ఎస్సీ. నర్సింగు చదివి, నర్సుగా నమోదై, కనీసము ఒక యేడు రోగులయొద్ద పనిచేసినవారికే ప్రవేశము. రోగము శరీరములో ఎట్లు పుట్టి ఎట్లు ముదురును, మందు ఎట్లు పనిచేయును, తల మొదలు పాదముల వఱకు రోగిని ఎట్లు పరీక్షింపవలెను అనునవి పాఠములు. కాని తరగతిగదికి దక్కు భాగము అయిదింట ఒక పాలు మాత్రమే. తక్కిన నాలుగు పాళ్లును శిక్షణశాలలోను, ఆసుపత్రిలోను గడచును. గుండెపట్టీ చదువుట, రక్తములోని ప్రాణవాయువు లెక్క చూచుట, శ్వాసయంత్రమును రోగికి తగినట్లు సవరించుట మున్నగునవి మొదట బొమ్మలపై నేర్చి, పిదప గురువు కన్నులయెదుట రోగులకు చేయుదురు. చేసిన ప్రతి పనిని పుస్తకమున వ్రాసి గురువుచేత సంతకము చేయించుకొందురు.

ఇంత కాలము ఆసుపత్రిలోనే ఏల గడపవలెనని మీరు అడుగవచ్చును. గట్టున కూర్చుండి ఎవ్వరును ఈత నేర్వజాలరు. మెడ ఎత్తలేని రోగి పాఠములో ఒక్క పంక్తి. వార్డులో అతడు తెల్లవాఱుజామున, దీపము మసకలో, పదిమంది రోగుల నడుమ ఒకడు. అతనిని గుర్తించుట అభ్యాసమువలననే అలవడును.

ఇక రెండు సందేహములు. మొదటిది: ఈమె సగము వైద్యురాలా? కాదు. ఈమె పూర్తి నర్సు. ఆసుపత్రి ముందుగా వ్రాసి అంగీకరించిన చికిత్సానియమముల మేరకు, వైద్యునితో కలసి పనిచేయును. ఆ నియమము ఉన్నందున అపాయసమయమున అనుమతికై ఎదురుచూచుచు కాలము వ్యర్థము కాదు. కావున “డాక్టరు రాలేదు, నర్సు చూచినది” అని కోపింపకముందు, ఆ నర్సు ఏమి చదివినదో విచారింపుడు.

రెండవది: చదివినవారికి తగిన స్థానము కలదా? ఇక్కడ దాపఱికము పనికిరాదు. చదువు వచ్చినంత వేగముగ పదవియు, అధికారమును రాలేదు. ఈ పట్టము గలవారికి ప్రత్యేకోద్యోగము, ప్రత్యేకవేతనము దేశమంతట ఒకే తీరున ఏర్పడలేదు. నర్సింగు విద్యను క్రమపఱచుటకు 2023లో పార్లమెంటు క్రొత్త చట్టము చేసినది. ఆ చట్టము మేలు మంచము దాక వచ్చుటకు జనుల గట్టి కోరికయు తోడుగ నుండవలెను. నేర్చిన చేతిని కట్టివేసి యుంచినచో, రెండేండ్ల శ్రమ ఆమెకును దక్కదు, రోగికిని దక్కదు.

పెద్దలారా, మీరు చేయదగిన పనులు కలవు. ఇంటర్మీడియెటులో జీవశాస్త్రము చదువుచున్న బిడ్డలు మీ యిండ్లలో నుందురు. ఆడుబిడ్డగాని, మగబిడ్డగాని నర్సింగు చదివెదనన్నచో చిన్నచూపు చూడకుడు. కళాశాలలో చేర్చునప్పుడు దానికి నర్సింగు మండలి గుర్తింపు కలదా, నిజముగా రోగులున్న ఆసుపత్రి దానికి కలదా అని స్వయముగా పోయి చూడుడు. రోగులు లేని ఆసుపత్రిలో పొందిన పట్టము కాగితమే. బి.ఎస్సీ. ముగిసినంతనే చదువు ముగిసినదని పెండ్లితొందర పెట్టక, పైమెట్టు ఎక్కనిండు. మీ యొద్దకు ప్రజాప్రతినిధులు వచ్చినప్పుడు భవనములు, యంత్రములు అడుగుటతోబాటు, “రాత్రివేళ తీవ్రరోగుల వార్డులో ప్రత్యేకశిక్షణ పొందిన నర్సులు ఎందఱు?” అనియు అడుగుడు.

ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్విన ఫలమేమి? శ్వాసయంత్రమును ధనమిచ్చి ఒక దినమున కొనవచ్చును. దానిని ఎప్పుడు పెట్టవలెనో ఎఱిగిన మనిషిని తయారుచేయుటకు ఏండ్లు పట్టును. ఆ ఏండ్లు నేడే మొదలుకావలెను.