తప్పు తీగది... వేటు కంప్యూటర్‌పై!

పాత కారు మొరాయిస్తే చాలు, ‘కంప్యూటర్ పోయింది’ అనే మాట షెడ్డుల్లో తేలిగ్గా వినిపిస్తోంది. యజమాని గుండె గుభేలుమంటుంది. అది వేల రూపాయల ఖర్చు. తీరా మార్చాక బండి మళ్లీ ఆగితే ఆ డబ్బు వెనక్కి రాదు. నిజానికి కంప్యూటర్ కంటే ముందు దాని తీగలు, ప్లగ్గులు, ఎర్తులే చెడతాయి.

కార్బురేటర్ రోజుల్లో మెకానిక్ చెవితో విని, స్క్రూ తిప్పి సరిచేసేవాడు. 2000 ప్రాంతంలో కాలుష్య నిబంధనలు బిగియడంతో మారుతి 800కు సైతం ఇంజెక్టర్లు వచ్చాయి. పెట్రోలు ఎంత పోయాలో లెక్కగట్టే పని ఓ చిన్న పెట్టెకు దక్కింది. ఇంజిన్ వేడి, లోపలికి వెళ్లే గాలి, క్రాంకు తిరిగే వేగం గురించి సెన్సర్లు దానికి కబురు పంపుతాయి. కబురు తప్పయితే లెక్కా తప్పే.

వేడిని చెప్పే సెన్సరు సంగతే తీసుకుంటే, చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ సుమారు 2 నుంచి 3 వేల ఓములు. ఇంజిన్ కాగితే కొన్ని వందలకు దిగుతుంది. ప్లగ్గులో చిలుము పడితే రెసిస్టెన్స్ పెరుగుతుంది. మే నెల ఎండలోనూ ఇంజిన్ చల్లగా ఉందని కంప్యూటర్ భ్రమపడి పెట్రోలు గుమ్మరిస్తుంది. నల్లపొగ, పడిపోయిన మైలేజీ దాని ఫలితమే. చిత్రమేమంటే ఇలాంటప్పుడు స్కానర్‌లో ఏ కోడూ పడకపోవచ్చు. తెల్లవారుజామున స్టార్టు చేయకముందే స్కానర్ పెట్టి చూస్తే గుట్టు బయటపడుతుంది. రాత్రంతా నిలిపిన బండిలో ఇంజిన్ వేడి, గాలి వేడి దాదాపు ఒకేలా చూపాలి.

కోడ్ పడినా తొందరపడరాదు. పి0118 వస్తే ఆ సెన్సరు దారిలో వోల్టేజి ఎక్కువగా ఉందని మాత్రమే అర్థం. తీగ తెగినా అదే కోడ్ వస్తుంది. ధాన్యం బస్తాల పక్కన, గడ్డివాము దగ్గర కారు నిలిపే ఇళ్లలో తీగలు కొరికే ఎలుకలకు కొదవలేదు.

ముందుగా చూడాల్సింది బ్యాటరీ. నిలిపి ఉంచిన బండిలో 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే 14కు అటూ ఇటూ ఉండాలి. స్టార్టరు తిప్పుతూ బ్యాటరీ మైనస్‌కు, ఇంజిన్‌కు మధ్య మీటరు పెడితే అర వోల్టు మించి చూపిందా, ఎర్తు తీగ విప్పి గీకి బిగించాల్సిందే. దూరం పోయాక ఆగిపోయి, చల్లారాక మళ్లీ కదిలే బండిలో క్రాంకు సెన్సరును అనుమానించాలి.

తాళం తిప్పగానే ఇంజిన్ గుర్తు లైటు వెలిగి, స్టార్టయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే ఫ్యూజులు చూడాలి. పాత బండి కొనేవారు దీన్ని మరవకూడదు. బల్బు పీకేసి అమ్మే ఘనులూ ఉన్నారు!

కరెంటు, ఎర్తు, సెన్సర్లు అన్నీ సరిగా ఉండి కూడా ఇంజెక్టర్లకు సంకేతం అందకపోతే, లేదా వరద నీరు పెట్టెలోకి చేరితే, అప్పుడు కంప్యూటర్‌ను విప్పొచ్చు. దాని ప్లగ్గు తీసేముందు తాళం ఆపి, బ్యాటరీ మైనస్ తీగ విప్పాలి. ఇంజిన్ నడుస్తుండగా మాత్రం బ్యాటరీ తీగ పీకరాదు. మంచి కంప్యూటర్లు కూడా అలాగే కాలిపోతాయి.