కొండయాత్రకు ముందు వేయవలసిన లెక్క

వీపున గుడారం మోసుకొని హిమాలయాల్లో సంచరించాలన్న కోరిక యువతకు సహజం. అయితే ఆ యాత్రకు తొలి అడుగు కాగితం మీద పడాలి. ఉదాహరణకు లడఖ్‌లోని మార్ఖా లోయను తీసుకుందాం.

లేహ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. లోయ చివరి కనుమ 5,200 మీటర్లు దాటుతుంది. 5,500 మీటర్ల వద్ద వాయుపీడనం సముద్రతీరంలోని దానిలో సగమే. కనుక విమానంలో లేహ్ చేరినవారు కనీసం 2 దినాలు విశ్రమించాలి. ఆ పైన రాత్రి బసను రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదు. 3, 4 దినాలకొకసారి ఆగాలి.

తలనొప్పి, వాంతులు కనిపిస్తే పైకి పోరాదు. నడక తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకున్నా వెంటనే క్రిందికి దిగాలి. ఈ వ్యాధి దేహబలం గలవారిని సైతం విడువదు. బాధను దాచి తోటివారితో నడిచేవాడు తన ప్రాణంతో పాటు వారి ప్రాణాలను కూడా పణం పెడుతున్నాడు.

మంచు కరిగి మధ్యాహ్నానికి ఏరులు పొంగుతాయి. వాటిని ఉదయమే దాటాలి. ఎండిన వాగులో గుడారం వేయరాదు. 2010 ఆగస్టులో లేహ్ పరిసరాలలో రాత్రివేళ కురిసిన కుంభవృష్టి ఎందరినో బలిగొన్నది. అక్కడ కట్టెలు అరుదు గనుక వంటకు చిన్న స్టవ్వు తీసుకొని పోవాలి.

వెళ్లే మార్గాన్ని, తిరిగివచ్చే తేదీని ఇంటివారికి వ్రాసి ఇవ్వాలి. 2 దినాల భోజనం అదనంగా ఉంచుకోవాలి. కాలమూ, ఆహారమూ మిగిలి ఉన్నవానికే వెనుదిరిగే ధైర్యం కలుగుతుంది.