రైల్వే ఊళ్లో జీతం బెంగ

ఉద్యోగ భద్రత అనే మాటకు ఖరగ్‌పూర్‌లో ఉన్నంత నిండు అర్థం తెలుగువాళ్లు స్థిరపడిన చాలా ఊళ్లలో కనిపించదు. పంతొమ్మిదో శతాబ్ది చివరి ఏళ్లలో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడ జంక్షన్‌ను, ఆ వెనువెంటనే పెద్ద వర్క్‌షాపును నెలకొల్పినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పనికోసం తరలివచ్చిన కుటుంబాలకు రైల్వే ఇచ్చింది జీతం ఒక్కటే కాదు. ఉండడానికి క్వార్టరు, జబ్బుచేస్తే ఆసుపత్రి, సొంతూరికి వెళ్లి రావడానికి పాసు, సంబంధం కుదిరే చోట చెప్పుకోవడానికి ఒక హోదా, తరువాతి కాలంలో పింఛను, ఇవన్నీ ఒకే చేతి నుంచి అందాయి. ఒకే చేతి నుంచి అందినవి ఆ చెయ్యి వెనక్కి తీసుకుంటే ఒక్కసారిగా పోతాయి కాబట్టి, వేరే ఊళ్లో జీతం పోతుందేమోనన్న దిగులుగా ఉండేది ఇక్కడ ఇల్లు, వైద్యం, పరువు మూడూ కలిసి పోతాయేమోనన్న భయంగా మారుతుంది.

రైల్వే కాలనీలకు ఆవల, పురపాలక ప్రాంతంలో పెరిగిన ఇందా వంటి పేటల్లో ఈ భయం ముఖం స్పష్టంగా చూడవచ్చు. పదవీ విరమణ చేసిన ఉద్యోగి మామూలు అద్దెపై నాలుగు నెలలు, ఆపైన రెట్టింపు అద్దెపై మరో నాలుగు నెలలు మాత్రమే క్వార్టరులో ఉండగలడన్నది రైల్వే నియమం. అంటే ముప్పై ఐదేళ్లు కాపురం చేసిన ఇంటిని ఎనిమిది నెలల్లో ఖాళీ చేయాలి. అప్పటికి ఉత్తరాంధ్రలోని పూర్వీకుల ఊళ్లో పొలమూ ఉండదు, పలకరించే మనుషులూ తగ్గిపోయి ఉంటారు. పిల్లల చదువులు, అమ్మవారి పూజలు, ఇరుగుపొరుగు అన్నీ ఖరగ్‌పూర్‌లోనే ఉంటాయి. అందుకే చాలామంది చేతికొచ్చిన డబ్బుతో ఆ చుట్టుపక్కలే స్థలం వెతుక్కుంటారు. ఇల్లు నిలబడుతుంది గానీ నెలనెలా వచ్చే రాబడి మాత్రం సగానికి తగ్గుతుంది.

ఈ భయం ఊరికే పుట్టినది కాదని చరిత్ర చెబుతుంది. 1927లో రైల్వే కంపెనీ ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో సిబ్బందిని పెద్దఎత్తున తగ్గించడానికి పూనుకున్నప్పుడు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ కార్మికుల సంఘానికి నాయకత్వం వహించినవారిలో ముఖ్యుడు, బరంపురంలో పుట్టిన తెలుగువాడు, దరిమిలా 1969లో రాష్ట్రపతి అయిన వి.వి.గిరి. తొలగింపునకు గురైనవారి హక్కుల కోసం ఆయన నడిపిన అహింసాత్మక పోరాటం భారత కార్మికోద్యమ చరిత్రలో చెప్పుకోదగ్గ ఘట్టం. తరువాత 1974 మే 8న మొదలైన అఖిల భారత రైల్వే సమ్మె ఇరవై రోజులు నడిచి విరమణ అయ్యాక దేశవ్యాప్తంగా వేలమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. వారిలో చాలామందిని 1977లో ప్రభుత్వం మారాక గానీ తిరిగి తీసుకోలేదు. రైల్వే పని అంటే రాయి మీద గీత అనుకునే తరం ఎంత ఉందో, ఆ గీత చెరిగిపోవడాన్ని కళ్లారా చూసిన తరమూ అంతే ఉంది.

ఇప్పటి బెంగ వేరు. పర్మనెంటు ఉద్యోగిని ఎవరూ రాత్రికి రాత్రి తీసేయరు. ఆ ఉద్యోగం తరువాతి తరానికి అందుతుందా అన్నదే అసలు ప్రశ్న. భద్రతకు సంబంధించిన పనులు చేసే సిబ్బంది ముందుగానే విరమిస్తే వారి పిల్లలకు ఉద్యోగం ఇచ్చే పథకం ఒకటి 2004లో డ్రైవర్లు, గ్యాంగ్‌మెన్‌లకు మొదలై, 2010లో మరికొన్ని వర్గాలకు విస్తరించింది. ప్రభుత్వ కొలువులు వారసత్వంగా పంచడం రాజ్యాంగంలోని సమానావకాశ సూత్రానికి విరుద్ధమని పంజాబ్, హర్యానా హైకోర్టు 2016లో ఆక్షేపించడంతో రైల్వే బోర్డు 2018లో దాన్ని ఆపేసింది. న్యాయపరంగా ఆ నిర్ణయం సరైనదే అయినా, తండ్రి ఉద్యోగం మీద ఇంటి భవిష్యత్తును లెక్కవేసుకున్న కుటుంబాలకు అది కాళ్ల కింద నేల కదిలినట్టే అయింది. ఒకే ఇంట్లో తండ్రి పాత పింఛను తీసుకుంటుంటే, 2004 జనవరి 1 తరువాత చేరిన పెద్దకొడుకు జీతంలో పదోవంతు కోతపడే జాతీయ పింఛను విధానంలో ఉంటాడు, చిన్నకొడుకు కాంట్రాక్టరు దగ్గర రోజుకూలి లెక్కన పనిచేస్తుంటాడు. ముగ్గురి భయాలూ వేరు కాబట్టి, ఒకరి దిగులు మరొకరికి అనవసరమైన హైరానాగా కనిపిస్తుంది.

భయానికీ ఆందోళనకూ మనస్తత్వశాస్త్రం ఒక తేడా చూపుతుంది. ఎదురుగా ఉన్న ప్రమాదానికి మనసు స్పందిస్తే అది భయం, రాబోతుందో లేదో తెలియని ప్రమాదాన్ని ముందుగానే అనుభవిస్తే అది ఆందోళన. రెండోదే ఒంటిని ఎక్కువకాలం తినేస్తుందనడానికి లండన్ ప్రభుత్వోద్యోగులపై జరిగిన పరిశీలన ఒక ఆధారం. వైట్‌హాల్-2 పేరుతో 1985లో మొదలై 10,308 మంది ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించిన ఆ అధ్యయనంలో, ప్రైవేటు సంస్థకు అమ్మేయబోతున్నారని తెలిసిన ఒక శాఖ ఉన్నది. ఆ శాఖలో ఎవరి ఉద్యోగమూ పోకముందే, కేవలం ఎదురుచూపు దశలోనే, అక్కడి పురుషుల ఆరోగ్యం మిగతా శాఖలవారితో పోలిస్తే దిగజారినట్టు 1995లో ప్రచురితమైన వ్యాసం తెలిపింది. రైల్వేలో ఫలానా షాపు మూసేస్తారట, ఫలానా పని బయటివాళ్లకు ఇస్తారట అన్న పుకార్లు టీకొట్టు దగ్గర మొదలై ఇంటికి చేరేసరికి చేసే హాని కూడా ఇటువంటిదే.

డబ్బు కొరత ఆలోచననే ఇరుకు చేస్తుందన్న వాదనా గమనించదగినది. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ ఝావో తమిళనాడు చెరకు రైతులపై చేసిన పరిశీలన 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. పంట డబ్బు చేతికి రాకముందు, వచ్చాక అవే పరీక్షలు అదే రైతులకు పెడితే, డబ్బు లేని రోజుల్లో వారి ఫలితాలు తక్కువగా ఉన్నాయి. ఆ ప్రభావం ఎంత పెద్దదన్న విషయంలో తరువాత ఇతర పరిశోధకులు అభ్యంతరాలు లేవదీశారు గానీ, అప్పుల వాయిదా దగ్గరపడ్డ మనిషి తెలివితక్కువగా ఖర్చుపెట్టాడని నిందించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చేతిలో డబ్బు లేకపోవడం ఒక కష్టమైతే, దాన్ని గురించే రోజంతా మనసు గిరికీలు కొట్టడం రెండో కష్టం.

అందువల్ల ఆందోళనను తగ్గించే మొదటి పని ధైర్యం చెప్పడం కాదు, లెక్క తేల్చడం. ‘ఉద్యోగం పోతే ఏమవుతుంది’ అన్న ప్రశ్నకు జవాబు లేదు. ‘జీతం ఆగితే ఇల్లు ఎన్ని నెలలు గడుస్తుంది’ అన్నదానికి మాత్రం ఉంది. నెలకు 24 వేలు ఖర్చయ్యే ఇంట్లో అద్దె, బియ్యం, మందులు, బడి ఫీజు వంటి ఆపలేని ఖర్చు 15 వేలని తేలితే, బ్యాంకులో ఉన్న 45 వేలు మూడు నెలలకు సరిపోతాయి. ఆ మూడు అన్న అంకె చిన్నదే అయినా, అంకె లేని భయంకన్నా దానితో వేగడం తేలిక. ఇటువంటి లెక్క ఇంట్లో భార్యాభర్తలు కలిసి రాసుకోకపోతే, ఒకరు దాచి, మరొకరు ఊహించుకుని, ఇద్దరూ రెట్టింపు బాధపడతారు.

చట్టం ఏం చెబుతుందో తెలుసుకోవడం కూడా ఈ లెక్కలో భాగమే. ఉదాహరణకు కంటిచూపు పరీక్షలో అర్హత కోల్పోతానేమోనన్న భయం రైలు నడిపేవారిని నడివయసు దాటాక వెంటాడుతుంది. అలా అర్హత కోల్పోవడాన్ని వాడుకలో మెడికల్ అన్‌ఫిట్ అంటారు. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తొలగించకూడదని, హోదా తగ్గించకూడదని, అదే జీతంపై వేరే పనిలో పెట్టాలని, తగిన పని దొరికేదాకా అదనపు పోస్టులోనైనా ఉంచాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షను చెబుతుంది. రైలు నడిపేవారికి వచ్చే రన్నింగ్ అలవెన్సు పోవడం వల్ల చేతికందే మొత్తం తగ్గవచ్చు, కానీ వీధిన పడతామన్న ఊహకు మాత్రం ఆస్కారం లేదు. అలాగే 2025 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఏకీకృత పింఛను పథకాన్ని ఎంచుకున్నవారికి, 25 ఏళ్ల సర్వీసు ఉంటే, చివరి 12 నెలల సగటు మూలవేతనంలో సగం పింఛనుగా హామీ ఉంటుంది. ఏది ఎంచుకోవాలన్నది ఒక్కొక్కరి సర్వీసును బట్టి మారుతుంది కాబట్టి తోటివారి మాట మీద సంతకం పెట్టడం తగదు.

లెక్క తేలాక కూడా మనసు ఊరుకోకపోతే, టామస్ బోర్కోవెక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త సహచరులతో కలిసి 1983లో పరీక్షించిన పద్ధతి ఒకటి ఉంది. దిగులుపడడానికి రోజూ ఒకే చోట, ఒకే వేళలో అరగంట కేటాయించి, మిగతా సమయంలో వచ్చే దిగులును ఆ వేళకు వాయిదా వేయడం దాని సారాంశం. వినడానికి వింతగా ఉన్నా, రాత్రి డ్యూటీ దిగి నిద్రపట్టక దొర్లేవారికి ఇది ఖర్చులేని ఉపాయం. గుండెదడ, నిద్రలేమి, పని మీద ధ్యాస లేకపోవడం వారాల తరబడి వదలకపోయినా, మందు కొట్టి మరిచిపోయే అలవాటు మొదలైనా, దాన్ని జబ్బుగానే చూడాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి, తెలుగు, బెంగాలీ సహా పలు భాషల్లో మాట్లాడవచ్చు.

బెంగ తప్పుడు నిర్ణయాలకు దారితీసేది అన్నిటికన్నా ఎక్కువగా పదవీ విరమణ నాడు వచ్చే డబ్బు దగ్గర. గ్రాట్యుటీ, వాడని సెలవుల జీతం, కమ్యుటేషన్, అంటే పింఛనులో కొంతభాగాన్ని ముందే ఒకేసారి తీసుకోవడం, ఇవన్నీ కలిసి జీవితంలో మొదటిసారిగా లక్షలు ఒక్కచోట కనిపిస్తాయి. ఇక ముందు జీతం రాదన్న భయం ఎక్కువ వడ్డీ ఆశపెట్టేవారికి తలుపు తీస్తుంది. 2013 ఏప్రిల్‌లో బెంగాల్‌లో కుప్పకూలిన శారదా గ్రూపు లక్షలాది చిన్న మదుపరులను ముంచింది. అక్కడి జనం దాన్ని చిట్‌ఫండ్ అని పిలిచినా, అది తెలుగువాళ్లకు తెలిసిన, 1982 చట్టం కింద నమోదై, ప్రతినెలా పాట జరిగే చీటీ కాదు. కొత్తవారి డబ్బుతో పాతవారికి చెల్లించే వ్యవహారం. ఆంధ్రలో అగ్రిగోల్డ్ బాధితులకు కూడా ఈ కథ కొత్తది కాదు. బ్యాంకులో ఒక్కొక్క ఖాతాదారుకు 5 లక్షల వరకే డిపాజిట్ బీమా ఉంటుందన్న సంగతి తెలిస్తే, మొత్తాన్ని రెండు మూడు బ్యాంకుల్లో పెట్టుకునే జాగ్రత్త దానంతట అదే వస్తుంది. అప్పుల విషయంలోనూ అంతే. నూటికి మూడు రూపాయల వడ్డీ చెవికి చిన్నదిగా వినబడుతుంది గానీ, లక్షకు నెలకు 3 వేలు, ఏడాదికి 36 వేలు. బ్యాంకులో ఏడాదికి 12 శాతం అంటే నూటికి ఒక్క రూపాయే.

ఇక మిగిలింది యువత. 2019లో రైల్వే ప్రకటించిన లక్షకు పైగా లెవెల్-1, అంటే అట్టడుగు స్థాయి, ఉద్యోగాలకు కోటికి మించి దరఖాస్తులు వచ్చాయి, పరీక్ష 2022లో గానీ జరగలేదు. మూడేళ్లకు పైగా ఎదురుచూసిన కుర్రవాడికి పుస్తకం ముందు కూర్చోవడమే ఉద్యోగంగా మారిపోతుంది. ఇదే ఖరగ్‌పూర్‌లో 2001 నుంచి 2003 వరకు టికెట్ కలెక్టరుగా పనిచేసి, ఆ కొలువు వదులుకుని వెళ్లిన క్రికెటర్ ధోనీ ఉదాహరణ ఇలాంటి ఇళ్లలో తరచూ వినబడుతుంది. కోటిలో ఒకడికి కలిసొచ్చిన దారిని అందరికీ చూపడం మాత్రం సబబు కాదు. వర్క్‌షాపులో ఫిట్టరుగానో వెల్డరుగానో అప్రెంటిస్ పూర్తిచేసినవారికి లెవెల్-1 నియామకాల్లో 20 శాతం పోస్టులు ప్రత్యేకించి ఉంటాయి. ఆ అప్రెంటిస్ సర్టిఫికెట్టుకు ఖరగ్‌పూర్ చుట్టుపక్కల ఉన్న ఉక్కు, బేరింగుల కర్మాగారాల్లోనూ విలువ ఉంది. పరీక్షలకు ఎన్నేళ్లు వెచ్చించాలో, ఆ తరువాత ఏ పనిలో చేరాలో ఇంటిల్లిపాదీ కూర్చుని ముందే తేదీ వేసుకోవలసింది ఆ సర్టిఫికెట్టు చేతిలో ఉన్నప్పుడే, వయసు పరిమితి దాటాక కాదు.