నడకకు ముందు షుగర్ చూసుకున్నారా?

షుగర్ ఉన్నవారు నడవాలని మన సంఘాల్లో ఇప్పుడు ఎవరికీ చెప్పనక్కరలేదు. అమలాపురమైనా, రాజోలైనా, తెల్లవారకముందే కాలవగట్టు మీద నడిచేవారిలో మన పెద్దలు కొందరైనా ఉంటారు. అయితే నడకకు ముందు ఏం చూసుకోవాలన్నది మాత్రం తక్కువమంది చెబుతారు. ఉపవాస కూడికలకు వచ్చేవారికి ఆ మాట మరీ అవసరం.

నడిచేటప్పుడు కాళ్ల కండరాలు రక్తంలోని గ్లూకోజును లాక్కుంటాయి. ఇన్సులిన్ సరిగా పనిచేయని దేహంలో కూడా కదిలే కండరం ఈ పని చేయగలదు. ఆ మేలు నడక ఆగగానే పోదు. ఒక రోజు, కొందరిలో రెండు రోజులు ఉంటుంది. వారానికి 150 నిమిషాలు నడవమనీ, వరసగా రెండు రోజులకు మించి మానవద్దనీ డాక్టర్లు అనేది అందుకే. (కండరంలో శక్తి ఏ రూపంలో నిలవ ఉంటుందో 1920లలో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కనుగొన్న యల్లాప్రగడ సుబ్బారావు గారు మన వశిష్ఠకు అవతల భీమవరంలో పుట్టినవారే. పిల్లలకు చెప్పదగిన సంగతి.)

చిక్కల్లా మందుతోనే. ఇన్సులిన్ వేసుకునేవారు, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ బిళ్లలు వాడేవారు జాగ్రత్తపడాలి. మీరు తిన్నా తినకపోయినా ఆ బిళ్లలు క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటాయి. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ. చీటీ తీసి మీ బిళ్ల పేరు చూసుకోండి. లేవగానే, బిళ్ల వేసుకోకముందు నడిస్తే సాధారణంగా ప్రమాదం తక్కువే. బిళ్ల వేసుకుని, టిఫిన్ మానేసి, ఎండలో కూడికకు నడిచి వెళ్లి మధ్యాహ్నం దాకా ఏమీ తినకపోవడమే అసలు ప్రమాదం.

ఈ మందుల మీద ఉన్నవారు నడకకు ముందు మీటరులో 90 కంటే తక్కువ చూపిస్తే ఒక అరటిపండైనా తిని బయలుదేరాలి. 250 దాటి, వాంతులో జ్వరమో కూడా ఉంటే ఆ పూట నడక మాని డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

చెమటలు, వణుకు, గుండెదడ, ఒక్కసారిగా ఆకలి, మాట తడబడటం: ఇవి షుగర్ పడిపోతున్న గుర్తులు. కూడికలో ఎవరికైనా ఇలా అయితే ఉపవాస నీరసమని వదిలేయకండి. 70 కంటే తగ్గితే, లేదా మీటరు దగ్గర లేకపోతే, మూడు నాలుగు టీచెంచాల పంచదార, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగించి కూర్చోబెట్టండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. తగ్గే ఉంటే మరోసారి ఇవ్వండి, తేరుకున్నాక అన్నం పెట్టండి. ఆత్రేయపురం పూతరేకులు తీపే గాని ఇక్కడ పనికిరావు. నెయ్యి ఆ తీపిని ఆలస్యం చేస్తుంది. కొబ్బరినీళ్లలో చక్కెర ఎంతుందో కాయకాయకూ మారుతుంది. వోగ్లిబోస్ కలిసిన బిళ్ల వాడేవారికి పంచదార కూడా త్వరగా ఎక్కదు. వారు గ్లూకోజ్ పొడే దగ్గర ఉంచుకోవాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయవద్దు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

ఇక ఉపవాసం. ఉండదలచినవారు వారం ముందే డాక్టరును అడిగి ఆ రోజు మోతాదు మార్పించుకోవాలి. సొంతంగా ఇన్సులిన్ మానేయడం మరో ప్రమాదం. డాక్టరు వద్దంటే భోజనం చేసే ప్రార్థనకు రండి. అలా వచ్చినవారిని తక్కువగా చూసే హక్కు ఏ పాస్టరుకూ లేదు. మధ్యలో షుగర్ పడిపోతే ఉపవాసం అక్కడే ముగించాలి, అది దేవునికి మాట తప్పడం కాదు.

పాస్టర్లు ఉపవాస కూడిక ప్రకటించేటప్పుడే ఈ సంగతి కూడా చెప్పవచ్చు. సంఘం ఖర్చుతో ఒక గ్లూకోజ్ పొట్లం, ఒక మీటరు మందిరంలో అందరికీ తెలిసిన చోట ఉంచండి. మీటరు స్ట్రిప్పుల గడువు తేదీ అప్పుడప్పుడు చూసే పని ఒకరికి అప్పగించండి.