హైదరాబాదు నుండి చికాగోకు: టికెట్టు లెక్క వేరు, శరీరం లెక్క వేరు



కూతురి కాన్పుకనీ, మనుమలను చూడాలనీ మన సంఘాలలోని పెద్దలు అనేకులు అమెరికా వెళ్తున్నారు. ప్రయాణానికి ముందు బి.పి., షుగరు చూపించుకోవడానికి వచ్చినవారిని మేము ముందుగా అడిగేది, "దారిలో ఎన్ని గంటలు?" అని. టికెట్టు చూసి చాలామంది తక్కువే చెబుతారు.

శంషాబాదు విమానాశ్రయం నుండి చికాగోలోని ఓహేర్ విమానాశ్రయానికి సూటిగా లెక్కిస్తే సుమారు 13,280 కి.మీ. దుబాయి మీదుగా అయితే మొత్తం సుమారు 14,190 కి.మీ. దుబాయికి దాదాపు 4 గంటలు, అక్కడ 3, 4 గంటల విరామం, ఆపైన చికాగోకు 15, 16 గంటలు. అంటే ఇంచుమించు 23 గంటలు.

జనవరిలో చికాగో సమయం మనకంటే పదకొండున్నర గంటలు వెనుక. కనుక తెల్లవారుజామున 4.30కు బయలుదేరినవారు అక్కడ అదే తేదీ సాయంత్రం 4 గంటలకు దిగుతారు. టికెట్టు మీద ఒక్క పగలే కనిపిస్తుంది.

మందులు తప్పకూడదు

చిక్కు ఇక్కడే వస్తుంది. ఉదయం 8కి మాత్ర వేసుకొని, రాత్రి మాత్ర చికాగో సమయం 8కి వేసుకుంటే, మధ్యలో దాదాపు 24 గంటలు గడిచిపోతాయి. ఒక పూట మందు తప్పినట్లే. అందుకే దిగేవరకు చేతి గడియారం మార్చకండి. మన సమయం ప్రకారమే మాత్రలు వేసుకోండి. దిగాక ఏ పూట నుండి అక్కడి సమయానికి మారాలో డాక్టరుగారితో ముందే కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్ వాడేవారు మోతాదును సొంతంగా మార్చకూడదు.

ఇన్సులిన్, మాత్రలు, మందుల చీటీ చేతి సంచిలోనే ఉండాలి. సామానులో వేస్తే ఇన్సులిన్ గడ్డకట్టి పాడుకావచ్చు, సామాను రావడం ఆలస్యం కూడా కావచ్చు.

కాళ్లు కదలాలి

గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాలి సిరలలో రక్తం గడ్డకట్టే అవకాశం ఉంది. 4 గంటలు, అంతకు మించిన ప్రయాణంలో ఈ ప్రమాదం సుమారు రెట్టింపవుతుందనీ, దాదాపు 6,000 మందిలో ఒకరికి ఇలా జరగవచ్చనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. భయపడనక్కరలేదు, జాగ్రత్త చాలు. మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి లేచి నడవండి. కూర్చున్నప్పుడు పాదాలు పైకి, కిందికి ఆడించండి. బాత్‌రూముకు లేవాలని నీళ్లు మానకండి. ఇటీవల ఆపరేషన్ అయినవారు, క్యాన్సరు ఉన్నవారు, మునుపు రక్తం గడ్డకట్టినవారు టికెట్టు కొనకముందే డాక్టరుగారిని కలవండి.

దిగిన తరువాత కొన్ని వారాల వరకు ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీ నొప్పో వచ్చినా, ప్రయాణ బడలిక అనుకోకండి. పిల్లలకు ఖర్చు అని దాచకండి. వెంటనే చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.

దేవుని కాపుదలలో క్షేమంగా వెళ్లి రండి. మీకొరకు మేము ప్రార్థిస్తాము.