మీకు తెలుసా? మూగబోయిన కంప్యూటర్‌ను మీటలతోనే పలికించవచ్చు

గుంటూరు మిర్చి యార్డు ధరలైనా, డిగ్రీ హాల్ టికెట్టయినా, చూపు లేనివారికి కంప్యూటర్ గొంతే చదివి పెట్టాలి. ఆ గొంతు ఉన్నట్టుండి ఆగిపోతే, చిలకలూరిపేటలో ఇంట్లో ఒక్కడే ఉన్న కుర్రాడికి ఏం దారి?

చాలాసార్లు యంత్రం పాడవదు. తెర చదివే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఆగిపోయి ఉంటుంది, అంతే. జె మీట మీద వేలికి తగిలే చిన్న గీతను పట్టుకుని, కుడి చూపుడువేలిని కాస్త ఎడమకు, కిందికి దించితే ఎన్ దొరుకుతుంది. ఎడమచేత్తో కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని దాన్ని నొక్కితే ఎన్‌వీడీఏ మళ్లీ మొదలవుతుంది. అప్పటికీ పలకలేదా? విండోస్, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కండి. విండోస్ 10, 11లలో ముందే ఉండే నేరేటర్ మాట్లాడుతుంది.

ఇంకో చిక్కుంది. ఇన్సర్ట్‌తో పాటు ఎస్ పొరపాటున పడితే ఎన్‌వీడీఏ మాట ఆగిపోవచ్చు, బీప్‌లే మిగలవచ్చు. కంగారు పడకుండా అదే మళ్లీ మళ్లీ నొక్కితే మాట తిరిగొస్తుంది. శబ్దం పక్కగదిలోని బ్లూటూత్ స్పీకర్‌లోకి పోయిందేమో కూడా చూసుకోవాలి.

కంప్యూటర్ నేర్పేవారు ఈ మీటలను మొదటిరోజే నేర్పాలి. చూపున్న మనిషి వచ్చేదాకా ఎదురుచూడాల్సిన అవసరం ఎవరికీ రాకూడదు.

ఎన్‌వీడీఏను 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన మైకేల్ కరన్‌కూ చూపు లేదు. అది పూర్తిగా ఉచితం. దానితో వచ్చే, మాటలు పలికే ఈస్పీక్‌లో తెలుగూ ఉంది.