ఐరోపా చేరని లక్ష రూపాయల కారు

మేడ్చల్ మీదుగా నాగపూరునకు పోవు 44వ జాతీయ రహదారి ప్రక్కను గాని, శామీర్‌పేట మీదుగా కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి ప్రక్కను గాని సాయంవేళ ఒక గడియ నిలిచినవారికి ఒకే ద్విచక్ర వాహనముపై ఒక సంసారమంతయు పోవుచుండుట కానవచ్చును. ముందు పిల్లవాడు, నడుమ తండ్రి, వెనుక తల్లి, ఆమె యొడిలో పసిబిడ్డ. ప్రక్కనే ఇసుక లారీ. వాన తడిసిన బాటపై ఇట్టి కుటుంబమును చూచుటయే తన చిన్న కారు తలపునకు బీజమని రతన్ టాటా చెప్పియుండెను. ఆ తలపు 2008 జనవరి 10వ తేదీన ఢిల్లీ వాహన ప్రదర్శనమున నానో యను పేర లోకమునకు వెల్లడియైనది. పన్నులు, రవాణా వ్యయము గాక వెల లక్ష రూపాయలు.

మరుసటి యేడు మార్చిలో జెనీవా ప్రదర్శనమున దానికి అన్నవంటి దానిని, నానో యూరోపాను, నిలిపిరి. 2011 నాటికి అది ఐరోపా విపణిలో ప్రవేశించునని ప్రకటించిరి. భారతీయ నిర్మితమైన కుటుంబ వాహనము పాశ్చాత్యుల వీథులలో తిరుగునన్న వార్త విని సంతసింపని వారెవ్వరు? ఆ 2011 వచ్చినది, గడచినది. కారు మాత్రము ఓడ యెక్కలేదు. ఆలస్యమన్న మాటయే క్రమముగా మఱుపుగా మారినది. 2018లో స్వదేశమునందే నానో నిర్మాణము నిలిచిపోయినది.

ఈ వైఫల్యమునకు కారణము కారు పుట్టుకలోనే కలదని మా యభిప్రాయము. నానో వెల తగ్గినది వస్తువులను ఒక్కొక్కటిగా తీసివేయుటచేత. ఇంజను వెనుక, అదియు రెండు సిలిండర్లది, 624 సీసీ. అద్దము తుడుచు వైపరు ఒక్కటే. చక్రమునకు మూడే బోల్టులు. వెనుక సామాను పెట్టుచోటికి వెలుపల తలుపు లేదు. ఇందులో ఇంజనీర్ల నేర్పు సామాన్యము కాదు. గృహిణి పొదుపు నెఱిగిన మన దేశమువారికి ఈ విద్య సహజము. కాని ఐరోపాకు పంపదలచినపుడు తీసినవన్నియు తిరిగి చేర్చవలసి వచ్చినది. మూడు సిలిండర్ల ఇంజను, గాలి సంచులు, చక్రము జారకుండ ఆపు బ్రేకుల యేర్పాటు, ఇవన్నియు యూరోపాకు కావలసివచ్చెను. పొగకు సంబంధించిన యూరో 5 నిబంధన 2011 జనవరి నుండి అచ్చటి క్రొత్త కార్లన్నింటికిని వర్తించినది. ఆ సంవత్సరము నవంబరు నుండి క్రొత్త నమూనాలకు వాహనము అదుపు తప్పకుండ కాచు యంత్రసాధనమును తప్పనిసరి చేసిరి. ఇన్ని చేర్చిన పిమ్మట చవుక కారు చవుకగా నుండుట యెట్లు?

కొందఱు దీనిని పరదేశీయుల కపటమందురు. మేము అట్లనజాలము. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ నానోను గోడకు ఢీకొట్టించి పరీక్షింపగా పెద్దవారి రక్షణకు ఒక్క నక్షత్రమైనను రాలేదు. ఐరోపా వాని ప్రాణమునకు గాలి సంచి యవసరమైనచో మన శామీర్‌పేట రైతు ప్రాణమునకు అవసరము కాదా? ఢీ పరీక్షను మన ప్రభుత్వము క్రొత్త నమూనాలకు 2017లోను, కార్లన్నింటికి 2019లోను గాని విధింపలేదు. ఇదియే అసలు ఆలస్యము.

ఇక భూమి సంగతి. భూస్వాములైన పాఠకులకు ఇది ముఖ్యము. పశ్చిమ వంగమున సింగూరులో 997 ఎకరములు కర్మాగారమునకై సేకరింపబడెను. రైతుల ప్రతిఘటన ముదిరి 2008 అక్టోబరు 3వ తేదీన టాటాలు అచ్చటినుండి వైదొలగిరి. వెంటనే రాష్ట్రములు పోటీపడి పిలిచినవి. నాటి సమైక్యాంధ్రప్రదేశమును అందొకటి. దక్కినది గుజరాతులోని సానందునకు. 2009 మార్చి 23న కారు విడుదలయైన వెంటనే రెండు లక్షలకు మించి జనులు ధనము కట్టి పేర్లు నమోదు చేసికొనగా, లాటరీ వేసి లక్ష మందిని ఎన్నుకొనిరి. సానందు కర్మాగారము 2010 జూనుకు గాని తెఱవబడలేదు. సంవత్సరమునకు రెండున్నర లక్షల కార్లు చేయగల ఆ కర్మాగారము తెఱచిన యేడాదియే, నవంబరు మాసమున, అమ్ముడైన నానోలు 509 మాత్రమే! నిరీక్షించువాని ఉత్సాహము నిలువ పెట్టిన పాలవంటిది. ఆ నడుమ కొన్ని కార్లు దారిలో తగులబడెనన్న వార్తలును కీడు చేసినవి. సింగూరు సేకరణ చెల్లదని 2016 ఆగస్టు 31న సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, భూమిని రైతులకు తిరిగి యిప్పించినది. పదేండ్ల పిదప తిరిగి వచ్చిన పొలము మునుపటి పొలమగునా? మేడ్చల్ పరిసరములలో ద్రాక్షపందిళ్లున్న చోట ప్లాట్ల హద్దురాళ్లు లేచుట చూచినవారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు.

తెలుగువారి అనుభవమును చెప్పుకొనవలెను. జర్మనీ ఫోక్స్‌వాగన్ విశాఖకు వచ్చునని 2005లో నమ్మి, రాష్ట్ర ప్రభుత్వము 11 కోట్ల రూపాయలను ఒక సంస్థకు చెల్లించి నగుబాటు పాలైనది. కర్మాగారము పూనా చెంత చాకణునకు పోయినది. దీనికి మాఱుగా కొరియా దేశపు కియా సంస్థ 2017 ఏప్రిలులో అనంతపురము జిల్లా పెనుకొండ చెంత ఒప్పందము వ్రాసి, 2019 ఆగస్టు 22న సెల్టోస్ కారును విడుదల చేసెను. నడుమ రెండేండ్ల నాలుగు నెలలు. కరవుసీమలో నీటిని చేర్చి, భూమిని ముందే సిద్ధపరచి యుంచుటచేత ఇది సాధ్యమైనది.

ఐరోపా మాత్రము మనకు మూసిన తలుపు కాదు. 1987లోనే మారుతీ కార్లు హంగరీకి వెళ్లినవి. టాటా ఇండికా 2003లో సిటీరోవర్ అను పేర ఇంగ్లండున అమ్ముడైనది; అమ్మిన రోవర్ సంస్థయే రెండేండ్లలో కూలినది గనుక ఆ కథ అంతటితో సరి. 2025 ఆగస్టు 26న గుజరాతులోని హంసల్‌పూర్ నుండి ఈ-విటారా అను విద్యుత్ కారును ఐరోపాతో కూడ నూఱు దేశములకు పైగా పంపు కార్యమునకు ప్రధాని జెండా ఊపెను. అది సుజుకీ వారి నమూనా. వెల లక్షతో పోల్చదగినది కాదు. నానోకై కట్టిన సానందు కర్మాగారమున నేడు టియాగో కార్లు తయారగుచున్నవి.